సస్క్వెహానా నదిలో ఫాల్ సీజన్ స్మాల్‌మౌత్ బాస్ పట్టడం ఎలా?

పెన్సిల్వేనియాలో సెప్టెంబరు రాగానే, అంటే ఆకులు రాలే ఫాల్ కాలం మొదలవగానే, నది మీద పడవలు పలచబడతాయి. పిల్లలకు స్కూళ్ళు, పెద్దలకు ఫుట్‌బాల్ మొదలవుతాయి. చాలామంది గాలపు కర్రలు గరాజ్‌లో పెట్టేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్మాల్‌మౌత్ బాస్ చలికాలానికి ఒళ్ళు చేసుకోవడానికి గట్టిగా మేత మేస్తుంది. ఒక నదిని, అందులోని చేపను దగ్గరగా తెలుసుకోవాలంటే ఏడాదిలో ఇంతకంటే మంచి కాలం లేదు.

ఈ వ్యాసం హారిస్‌బర్గ్ చుట్టుపక్కల పారే సస్క్వెహానాను దృష్టిలో పెట్టుకుని రాసింది. మెకానిక్స్‌బర్గ్, క్యాంప్ హిల్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ళకు ఈ నది కారులో కొద్ది నిమిషాల దూరం. పోటోమాక్, జేమ్స్, షెనండోవా, న్యూ రివర్ దగ్గర ఉండేవాళ్ళకూ పద్ధతి దాదాపు ఇదే. తేదీలు మాత్రం దక్షిణానికి వెళ్ళేకొద్దీ కాస్త ఆలస్యమవుతాయి.

ముందు చేప గురించి. స్మాల్‌మౌత్ ఒళ్ళు గోధుమ, కంచు రంగుల్లో ఉంటుంది, పక్కల మీద నిలువు చారలు కనిపిస్తాయి. నోరు మూసినప్పుడు పైదవడ చివర కన్ను దాటి వెనక్కి పోదు. దాని దగ్గరి చుట్టం లార్జ్‌మౌత్ బాస్‌కు ఆ దవడ కన్ను దాటిపోతుంది, ఒంటి మీద అడ్డంగా నల్లటి పట్టీ ఉంటుంది. లార్జ్‌మౌత్ నిలవ నీళ్ళను, నాచును ఇష్టపడితే స్మాల్‌మౌత్ రాళ్ళను, పారే నీటిని ఇష్టపడుతుంది. మన కొర్రమీను లాగే మాటు వేసి మీదపడే చేప ఇది, కానీ కొర్రమీను బురదలో పొంచి ఉంటే ఇది బండ వెనక పొంచి ఉంటుంది. ఇంకో సంగతి, ఈ చేప సస్క్వెహానాకు పుట్టుకతో వచ్చింది కాదు. దీని సొంత ఊళ్ళు గ్రేట్ లేక్స్, ఒహాయో, టెనెసీ, మిసిసిపీ ఎగువ పరీవాహకాలు. 1854లో ఒహాయో వైపు నుంచి కొన్ని చేపలను రైలింజను నీళ్ళ ట్యాంకులో పెట్టి పర్వతాలు దాటించి, మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర వదిలారు. అలా పోటోమాక్‌లో పెరిగాయి. తర్వాత సస్క్వెహానాకూ చేరాయి.

1. లైసెన్సు, రూల్సు ముందు చూసుకోండి

పదహారేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. పెన్సిల్వేనియా ఫిష్ అండ్ బోట్ కమిషన్ వెబ్‌సైట్‌లో కొనుక్కోవచ్చు. కమిషన్‌వాళ్ళ ర్యాంపుల దగ్గర కయాక్ (సన్నటి తెడ్డు పడవ) దించాలంటే దానికి రిజిస్ట్రేషనో, లాంచ్ పర్మిటో ఉండాలి.

బాస్ విషయంలో ఈ నదికి ఒక చరిత్ర ఉంది. 2005లో సస్క్వెహానా, జూనియాటా నదుల్లో స్మాల్‌మౌత్ పిల్లలు ఒంటి నిండా పుండ్లతో పెద్దఎత్తున చచ్చిపోయాయి. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు అదే జరిగింది. హార్మోన్లను చెడగొట్టే రసాయనాలు, కలుపుమందులు, వైరస్‌లు, పరాన్నజీవులు ఇందుకు కారణమై ఉండే అవకాశం ఎక్కువని ఎన్నో సంస్థలు కలిసి చేసిన పరిశోధన చెప్పింది. చేపలు ఇలా తగ్గిపోవడంతో నది మధ్యభాగంలో చాలా మేర, పట్టిన బాస్‌ను వెంటనే వదిలేయాలన్న నిబంధన తెచ్చారు. ఇప్పుడు చేపలు మళ్ళీ బాగా పుంజుకున్నాయి. మీరు దిగే చోట ఈ ఏడు ఏ నిబంధన అమలులో ఉందో కమిషన్ నిబంధనల సమ్మరీలో చూసుకుని వెళ్ళండి, ఏటేటా మార్పులు ఉండవచ్చు. తినడానికి అనుమతి ఉన్న చోట కూడా, రాష్ట్రంలో గాలంతో పట్టిన చేపలను వారానికి ఒక్క పూటకు మించి తినొద్దని ఆరోగ్య సూచన ఉంది.

నా మాటగా చెప్తున్నాను, కూర కోసం చేప కావాలంటే మార్కెట్‌కు వెళ్ళండి. ఈ నదిలో 20 అంగుళాల స్మాల్‌మౌత్ తయారవడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది. దాన్ని పట్టడం, చూడటం, వదలడం, ఈ మూడింటి కోసమే వెళ్ళాలి.

2. థర్మామీటర్ కొనండి

ఈ వేటలో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు ఇదే, పది డాలర్లలో దొరుకుతుంది. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీళ్ళు చల్లబడితే దాని అరుగుదల మందగిస్తుంది, కదలిక తగ్గుతుంది, మేత కోసం పరిగెత్తే దూరం తగ్గుతుంది. కాబట్టి క్యాలెండర్‌లో తేదీ కన్నా నీటి వేడిని చూసి ఎక్కడ వెతకాలి, ఎర ఎంత వేగంగా లాగాలి అన్నది తేల్చుకోవాలి. అమెరికాలో అందరూ ఫారెన్‌హీట్‌లోనే మాట్లాడతారు కాబట్టి నేనూ అలాగే చెప్తాను.

70 నుంచి 60 డిగ్రీల మధ్య, అంటే సుమారు 21 నుంచి 16 సెల్సియస్ వరకు, చేపలు నది అంతా చెదిరి ఉంటాయి. చిన్న చేపల గుంపుల వెంట పడతాయి. హారిస్‌బర్గ్ దగ్గర ఇది మామూలుగా సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మధ్య వరకు.

60 నుంచి 50 వరకు అసలైన మార్పు జరుగుతుంది. చేపలు లోతు తక్కువ నీటిని వదిలి, చలికాలం గడిపే మడుగుల వైపు కదులుతాయి. విస్కాన్సిన్‌లో రేడియో ట్యాగులు కట్టి గమనించినప్పుడు కొన్ని చేపలు పదుల కిలోమీటర్లు ప్రయాణించాయి. అన్నీ అంత దూరం పోవు, దగ్గర్లో మంచి మడుగు ఉంటే కొద్ది దూరంలోనే ఆగిపోతాయి. వేసవిలో చేపలు పడ్డ చోటుకే నవంబరులో వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగి వచ్చేవాళ్ళకు కారణం ఇదే.

50 కిందికి, అంటే 10 సెల్సియస్ కిందికి దిగాక చేపలు మడుగుల్లో గుంపుగా చేరతాయి. మేస్తాయి, కానీ ఎర నోటి ముందుకు రావాలి. 40కి చేరేసరికి దాదాపు కదలవు.

సాయంత్రం వేడి, మర్నాడు పొద్దుటి వేడి రెండూ చూడండి. వరసగా కొన్ని రోజులు వేడి నిలకడగా ఉంటే చేపలు బాగా పడతాయి. ఒక్క రాత్రిలో నాలుగైదు డిగ్రీలు పడిపోతే ఆ రోజు కష్టమే.

3. నది మట్టం చదవండి

అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు ప్రతి పెద్ద నది మీదా కొలత కేంద్రాలు పెట్టారు. హారిస్‌బర్గ్ కేంద్రంలో నీటి ఎత్తు, ప్రవాహం ఆన్‌లైన్‌లో గంటగంటకూ కనిపిస్తాయి. ప్రవాహం సెకనుకు ఘనపు అడుగుల్లో ఉంటుంది. మన పేపర్లలో శ్రీశైలానికి, ధవళేశ్వరానికి రాసే క్యూసెక్కులు అవే, కాబట్టి తెలుగు పాఠకుడికి ఈ లెక్క కొత్త కాదు.

చూడాల్సింది అంకె ఒక్కటే కాదు, గీత ఎటు పోతోందో చూడండి. నిలకడగా ఉన్నా, మెల్లగా దిగుతున్నా వెళ్ళండి. వాన పడి నెమ్మదిగా పెరగడం మొదలైన తొలి గంటల్లో కూడా చేపలు బాగా మేస్తాయి. వేగంగా పెరుగుతూ, కాఫీ రంగు నీళ్ళతో కొట్టుకొచ్చే దుంగలు కనిపిస్తుంటే ఇంట్లో ఉండండి. నది తగ్గేటప్పుడు అడుగున్నర, రెండడుగుల లోతు దాకా ఎర కనిపించేంత తేట వస్తే చాలు. అప్పుడు పడే చేపలు పెద్దవిగా ఉంటాయి.

ఇంకో మేలు ఏమిటంటే, సరస్సుల్లో ఫాల్ సీజన్‌లో పై నీరు, కింది నీరు తలకిందులై కొన్నాళ్ళు వేట దెబ్బతింటుంది. పారే నదిలో నీళ్ళు ఎప్పుడూ కలుస్తూనే ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు.

4. చోటు వెతకండి

సస్క్వెహానా న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ దగ్గర ఆట్సిగో సరస్సులో పుట్టి 444 మైళ్ళు పారి చెసాపీక్ అఖాతంలో కలుస్తుంది. హారిస్‌బర్గ్ దగ్గర మైలు వెడల్పు ఉంటుంది, కానీ ఎండాకాలం చివర్లో చాలా చోట్ల మోకాలి లోతే. అడుగున బండరాతి వరసలు నదికి అడ్డంగా సాగుతాయి. కొత్తవాళ్ళు అంత నీళ్ళు చూసి ఎక్కడ విసరాలో తెలియక టెన్షన్ పడతారు. చూడాల్సినవి నిజానికి కొన్నే.

ఫాల్ మొదట్లో బండ వరస దాటిన వెంటనే నీరు లోతుగా పడే చోట్లు, గడ్డి తిన్నెల అంచులు, వాగులు కలిసే మూతులు చూడండి. డంకానన్ దగ్గర జూనియాటా వచ్చి కలిసే చోటు, డాఫిన్ దగ్గరి రాళ్ళు ఇలాంటివే. అక్టోబరులో నీటి గడ్డి చచ్చి కొట్టుకుపోతుంది. అందులో దాక్కున్న చిన్న చేపలు బయటపడతాయి, బాస్ ఆ అంచునే కాపు కాస్తుంది. వేగంగా పారే నీరు, నెమ్మది నీరు ఒరుసుకునే గీత మీద నురుగు తేలుతూ కనిపిస్తుంది. ఆ గీతకు నెమ్మది వైపున చేప నిలబడుతుంది. ఒళ్ళు అలవకుండా నిలబడి, వడిలో కొట్టుకొచ్చే మేతను అందుకోవడం దాని పద్ధతి.

నీళ్ళు చల్లబడేకొద్దీ రెండు గుర్తులు కావాలి. ఒకటి లోతు. చుట్టూ మూడు నాలుగు అడుగులే ఉన్న నదిలో ఏడెనిమిది అడుగుల గుంట కూడా మడుగే. పది పన్నెండు ఉంటే ఇంకా మంచిది. రెండు, వడి నుంచి రక్షణ. ఎంత లోతున్నా నీరు దూసుకుపోయే చోట చలికాలం చేప ఉండదు. ఒక ఎండుటాకు నీటి మీద పడితే అది మనిషి మెల్లగా నడిచేదానికన్నా నెమ్మదిగా పోవాలి. అలాంటి చోట్లు లంకల దిగువ కొనల్లో, వంతెన స్తంభాల వెనక, పెద్ద బండల దిగువన, ఒడ్డు వంపు తిరిగి నీరు వెనక్కి మళ్ళే చోట్ల ఉంటాయి. హారిస్‌బర్గ్‌కు ఎగువన రాక్‌విల్ రైలు వంతెన ఉంది. 1902లో పూర్తయిన ఆ రాతి కమానుల వంతెన స్తంభాలను దూరం నుంచి గమనించినా స్తంభం వెనక నీరు ఎలా ఆగుతుందో అర్థమవుతుంది.

ఎండాకాలంలో నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని, నది బాగా తగ్గినప్పుడు గుంటలు ఎక్కడున్నాయో ముందే గుర్తుపెట్టుకోవడం నేను అందరికీ చెప్పే సలహా. ఆ పటం నవంబరులో బంగారమే.

5. సామాను సర్దుకోండి

ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్ ఒకటి చాలు. కొన త్వరగా వంగి, అడుగు గట్టిగా ఉండే రకం తీసుకోండి. రీల్ 2500 సైజుది. దానికి 10 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం, చివర ఆరేడు అడుగుల మేర నీటిలో అంతగా కనబడని 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం కట్టండి. ఫాల్‌లో నీళ్ళు అద్దంలా ఉంటాయి, మందపాటి దారం కనబడుతుంది.

ఎరల గురించి షాపుల్లో గోడ నిండా రంగులు కనిపిస్తాయి. వాటిలో నాలుగు ఉంటే సీజన్ మొత్తం గడుస్తుంది. నీటి పైన చప్పుడు చేసే ఎర ఒకటి, ఇది 60 డిగ్రీల పైన ఉన్నప్పుడే. చిన్న చేపలా కనిపించే మూడు నాలుగు అంగుళాల జెర్క్‌బెయిట్ ఒకటి, లాగడం ఆపితే మునగకుండా, తేలకుండా నీటి మధ్యలో నిలిచే రకం అయి ఉండాలి. గుమ్మడికాయ ఆకుపచ్చ రంగు ప్లాస్టిక్ ట్యూబ్, లోపల ఔన్సులో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు బరువున్న జిగ్, అంటే తల దగ్గర బరువు కట్టిన కొక్కెం. ఈ ట్యూబ్ క్రేఫిష్‌లా, అంటే రొయ్య లాంటి మంచినీటి జీవిలా కనిపిస్తుంది. చివరిది, మెత్తటి ఈకలతో కట్టిన నల్ల హెయిర్ జిగ్, చలి బాగా ముదిరాక దీన్ని మించింది లేదు.

రబ్బరు వల, పొడుగు ముక్కు పటకారు, దారం కత్తిరించే కత్తెర మరిచిపోవద్దు.

6. వేడిని బట్టి వేగం మార్చండి

వేసవిలో తెల్లవారుజామే మంచిదని విని ఉంటారు. అక్టోబరు మధ్య నుంచి ఆ మాట తిరగబడుతుంది. పొద్దున నీళ్ళు రాత్రి చలితో ఉంటాయి, మధ్యాహ్నం రెండు మూడు డిగ్రీలు పెరుగుతాయి. హాయిగా నిద్రపోయి, భోంచేసి వెళ్ళినా నష్టం లేదు. ఎండ తగిలే ఒడ్డు పక్క మొదలుపెట్టండి.

60 పైన: పైఎరను అంచుల వెంట, నురుగు గీత మీదుగా నిలకడగా లాగండి. చేప మీదపడగానే రాడ్ ఎగరేయాలనిపిస్తుంది, వద్దు. దారంలో బరువు తెలిసే దాకా ఆగి అప్పుడు బిగించండి. చిన్న చేపలు నీటి పైకి చెదిరి ఎగరడం చూస్తే చేతిలో ఏ ఎర ఉన్నా అటు విసరండి.

50 నుంచి 60: నా దృష్టిలో ఏడాది మొత్తానికీ ఇదే బంగారు కాలం. జెర్క్‌బెయిట్‌ను ప్రవాహానికి అడ్డంగా విసిరి, కిందికి రెండు చిన్న కుదుపులు ఇచ్చి, మూడు నాలుగు సెకన్లు ఆపండి. దాదాపు ప్రతి దెబ్బా ఆపినప్పుడే తగులుతుంది. చాలామందికి ఆ ఆపడమే చేతకాదు, చేయి ఊరుకోదు. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. నీళ్ళు చల్లబడేకొద్దీ ఆ లెక్క పెంచుతూ పోవాలి, 45 దగ్గర పది దాకా వెళ్ళండి.

ట్యూబ్‌తో అయితే ప్రవాహానికి ఎగువ వైపు ఏటవాలుగా విసిరి అడుగుకు తగలనివ్వండి. దారం వదులు కాకుండా రీల్ తిప్పుతూ నీటినే దాన్ని దొర్లించనివ్వండి. బండకు తగిలి ఆగడం, చేప పట్టుకుని ఆగడం మొదట్లో ఒకేలా అనిపిస్తాయి. రాయి కటకటలాడుతుంది, చేప మెత్తగా బరువెక్కుతుంది, లేదా దారం పక్కకు జరుగుతుంది. ఈ తేడా వేళ్ళకు తెలిసినరోజున మీ వేట మారిపోతుంది. ట్యూబ్ పదే పదే ఇరుక్కుంటుంటే బరువు తగ్గించండి, అడుగుకే తగలడం లేదంటే పెంచండి.

50 కింద: హెయిర్ జిగ్‌ను మడుగు ఎగువ అంచున వేసి, రాడ్ కొన పైకెత్తి పట్టుకుని, నీటితో పాటు మెల్లగా పోనివ్వండి. కుదపొద్దు. ఈకలు ఆ కొద్దిపాటి నీటికే ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతాయి. ఒక చేప పడితే అక్కడే ఉండండి, అవి గుంపుగా ఉంటాయి. ఒకే మడుగులో అరగంట ఓపిక పట్టడం, పది చోట్లు తిరగడం కన్నా మేలు.

ఆకులు రాలే రెండు మూడు వారాలు చికాకు పెడతాయి. మూడు కొక్కేల ఎరలకు ప్రతి విసురులో ఆకు తగులుకుంటుంది. ఆ రోజుల్లో ఒంటి కొక్కెం ఉన్న ట్యూబ్, జిగ్ వాడండి. దూరం తగ్గించి విసరండి. ఆకులు వెనక్కి తిరిగే నీటిలో, ఒడ్డు వెంట పేరుకుంటాయి, నది మధ్య పాయల్లో తక్కువ.

7. నదికి భయపడాల్సిన చోట భయపడండి

హారిస్‌బర్గ్‌లో డాక్ స్ట్రీట్ డ్యామ్ ఉంది. ఎగువ నుంచి చూస్తే నీరు నున్నగా కనిపిస్తుంది, డ్యామ్ ఉన్నట్టే తెలియదు. కింద నీరు చుట్టలు తిరుగుతూ మనిషినీ పడవనూ వదలదు. అక్కడ ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఎగువనా దిగువనా దాని దరిదాపులకు పోవద్దు. తెలియని రేవులో కయాక్ దించే ముందు దిగువన డ్యామ్ ఎక్కడుందో మ్యాప్‌లో తప్పక చూడండి.

నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు పెన్సిల్వేనియాలో కయాక్, కానూ, 16 అడుగుల కన్నా చిన్న పడవల్లో లైఫ్ జాకెట్ వేసుకునే తీరాలి, పక్కన పెట్టుకుంటే చాలదు. చట్టం అలా ఉండటానికి కారణం ఉంది. 50 డిగ్రీల నీళ్ళలో పడితే ఈత వచ్చినవాళ్ళకైనా ముందు ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో చేతులు పనిచేయవు. నేనైతే అక్టోబరు నుంచే జాకెట్ తీయను. నీళ్ళలో నడిచేవాళ్ళు వేడర్స్ (నీళ్ళు లోపలికి రాని పొడుగు తొడుగు) మీద నడుము బెల్టు బిగించుకోండి, చేతికర్ర పట్టుకోండి, నడుము లోతుకు మించి దిగకండి. నాచు పట్టిన ఆ బండలు సబ్బులా జారుతాయి. పొడి బట్టలు కారులో ఉంచండి. ఒంటరిగా వెళ్తే ఎక్కడికి, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి.

8. పట్టాక త్వరగా వదలండి

గాలానికి పడ్డ స్మాల్‌మౌత్ గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది. అది పైకి లేస్తున్నప్పుడు రాడ్ కొనను పక్కకు, కిందికి దించండి, దారం మాత్రం వదులు కానివ్వకండి. అది వడి వైపు పరిగెడుతుంది. రీల్ దారాన్ని ఎంత బిగువుతో వదలాలో చూసే డ్రాగ్‌ను ముందే సరిచేసి ఉంటే దారం ఇస్తూ, నెమ్మది నీటి వైపు తిప్పుకోవచ్చు. అలిసిపోయే దాకా ఆడించొద్దు.

వలలోకి వచ్చాక దాన్ని నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీయండి. చేతులు తడుపుకున్నాకే ముట్టుకోండి, పొడి చేతులు దాని ఒంటి మీది జిగురు పొరను లాగేస్తాయి. ఫోటో కావాలంటే ఫోను ముందే సిద్ధం చేసుకుని, ఒక చేయి కింది పెదవి దగ్గర, ఇంకో చేయి పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తండి. బరువైన చేపను దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే ఆ దవడకు దెబ్బ. కొక్కెం గొంతులో దిగితే పెరకొద్దు, దారం దగ్గరగా కత్తిరించి వదిలేయండి. వదిలేటప్పుడు తల ఎగువ వైపు ఉండేలా పట్టుకోండి, అదే తోక విదిలించుకుని వెళ్తుంది. గాలి చలి గడ్డకట్టే స్థాయిలో ఉన్న రోజున అసలు నీటి పైకి తీయకండి, మొప్పల మీద మంచు పట్టవచ్చు.

చలికాలపు మడుగు విషయంలో ఒక్క మాట పట్టుదలగా చెప్తాను. అక్కడ చేరిన చేపలు ఆ ఒక్క చోటివి కావు, కొన్ని మైళ్ళ నదిలో ఉండాల్సిన చేపలన్నీ అక్కడ ఉండవచ్చు. కాబట్టి ఒక గుంపు నుంచి కొన్ని పట్టాక ఆపి ఇంకో చోటికి వెళ్ళండి. ఆ మడుగు ఎక్కడుందో ఆన్‌లైన్‌లో పెట్టకండి, ఫోటోలో వంతెనో కొండో కనిపించకుండా తీయండి. నీళ్ళు 40 డిగ్రీలకు దిగాక నేను వాటిని పూర్తిగా వదిలేస్తాను. అప్పుడు రీళ్ళు విప్పి తుడిచి నూనె వేసి, కొత్త దారం చుట్టి, వసంతంలో బాస్ సీజన్ నిబంధనలు ఎప్పుడు మారతాయో కమిషన్ వెబ్‌సైట్‌లో చూసి రాసుకుంటాను.